దసరా సెలవుల్లో నీస్: మా ట్రావెల్స్‌కి మూడున్నర స్టార్లు

హిమాయత్‌నగర్‌లోని ఒక ట్రావెల్స్ ద్వారా ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌కి వెళ్లొచ్చాం. పిల్లలకి సెలవులు కదా అని నేను మే నెలే అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి ఒప్పుకోలేదు. "మేలో అక్కడికి దగ్గర్లోని కాన్ ఊళ్లో ఫిలిం ఫెస్టివల్ మేడమ్, హోటల్ రేట్లు మండిపోతాయి. ఆగస్టులో ఫ్రాన్స్ వాళ్లంతా సెలవులు పెట్టి బీచ్‌లోనే ఉంటారు. దసరాకి వెళ్లండి" అంది. ప్యాకేజీ అమ్ముకోవడానికేమో అనుకున్నా గానీ, నిజమే చెప్పింది.

అక్టోబర్ మొదటి వారంలో నీస్‌లో ఎండ మన జనవరి ఉదయం తొమ్మిదింటి ఎండలా హాయిగా ఉంది. వేసవంతా కాగిన సముద్రం త్వరగా చల్లబడదు కాబట్టి పిల్లలు గంటసేపు నీళ్లలోనే ఉన్నారు. బీచ్‌లో ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. చెప్పులు మర్చిపోకండి. రైలెక్కితే మొనాకో మీదుగా మాంతోన్ అనే ఊరికి ముప్పావుగంట లోపే. పాత ఊళ్లో సొక్కా అని శనగపిండి, ఆలివ్ నూనెతో కాల్చి అమ్ముతారు. మా అత్తయ్య ఒక ముక్క తిని, "ఇది మన శనగపిండి అట్టే, ఉల్లిపాయ వేయడం మర్చిపోయారు" అని తేల్చేశారు.

ఒకటిన్నర స్టార్ ఎందుకు కోశానంటే, అక్కడ అక్టోబర్‌లో వానలు గట్టిగానే పడతాయని ఎవరూ చెప్పలేదు. ఒక రోజంతా గదిలోనే పులిహోర ప్యాకెట్లు తింటూ కూర్చున్నాం. 'సీ వ్యూ' గదిలో సముద్రం కనిపించాలంటే బాల్కనీలోంచి మెడ బయటికి చాపాలి. ఫోన్ చేస్తే "కనిపిస్తోందిగా మేడమ్" అన్నారు.