కోట్ల కొట్టులో నా మూడో కోటు

గుంటూరులో, కోర్టు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో మేడ మీద బోర్డు కూడా లేని టైలరు దుకాణం ఉంది. ప్లీడర్ల కోట్లు, గౌన్లు తప్ప వేరేవి పెద్దగా కుట్టరు. మా వాళ్లంతా ‘కోట్ల కొట్టు’ అంటారు. కోట్లు కుట్టేవాడికా, తొడుక్కునేవాడికా అని ఒక పాత జోకు ఉంది. తొమ్మిదేళ్ల ప్రాక్టీసులో నాకైతే కోట్లు రాలేదు, కోట్లే మూడు మారాయి. ఈ మూడోది ఇక్కడ కుట్టించి రెండేళ్లయింది. ఉతుకులు, వానలు, ఒక కాన్పు అన్నీ చూసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రెండిటి గురించి చెప్పకపోతే దీని విలువ తెలియదు. ప్లీడరుగా ఎన్‌రోల్ అయిన కొత్తలో ఒక పెద్ద బట్టల షాపులో రెడీమేడ్ కొన్నాను. “జెంట్స్ కోటే మేడం, చిన్న సైజు. లేడీస్ కూడా ఇదే తీసుకెళ్తారు” అన్నాడు సేల్స్ అబ్బాయి. భుజాలు జారేవి, చేతులు వేళ్ల దాకా వచ్చేవి, ఛాతీ దగ్గర మాత్రం గుండీ పట్టేది కాదు. రెండోది వేరేచోట ‘లేడీస్ మోడల్’ అని కుట్టించాను. నడుం దగ్గర చక్కగా నొక్కి, ఫొటోలో బాగుండేది. జేబులు లేవు. జేబు మూతలు ఉన్నాయి, వాటి కింద జేబు లేదు! మగవాళ్ల కోటుకు బయట మూడు, లోపల రెండు ఉంటాయి. మా కేసు పిలిచినప్పుడు ఒక చేతిలో కట్ట, ఇంకో చేతిలో హ్యాండ్‌బ్యాగు, జడ్జి గారు వాయిదా చెప్తుంటే బ్యాగులో పెన్ను కోసం తడుములాట. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

ఆ సేల్స్ అబ్బాయి మాట నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 1916లో రెజీనా గుహా అనే లా గ్రాడ్యుయేట్ ప్లీడరుగా నమోదు చేయమని దరఖాస్తు పెడితే కలకత్తా హైకోర్టు కాదంది. చట్టంలో పుంలింగంలో రాసిన మాట స్త్రీలకూ వర్తిస్తుందన్న సూత్రం అప్పటికే ఉంది. ప్లీడర్ల దగ్గరికి వచ్చేసరికి అది చెల్లదన్నారు. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు. చివరికి 1923లో ఆడవాళ్ల కోసం విడిగా చట్టం చేయాల్సి వచ్చింది. అప్పుడు కోర్టు ఒప్పుకోని ఆ సూత్రాన్ని రెడీమేడ్ కోట్ల వాళ్లు మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

ఇక కొట్టు సంగతి. మాస్టరు గారికి అరవై దాటాయి. నేను వెళ్లగానే టేపు తీయలేదు. “ఎండాకాలం కోటు తీస్తారా, తీయరా అమ్మా?” అని అడిగారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్ల కోటు తప్పనిసరి కాదు. ఏప్రిల్ రాగానే మగ ప్లీడర్లు హాయిగా తీసేసి తెల్ల చొక్కా, మెడకు కట్టుకునే తెల్ల పట్టీ, అదే బ్యాండుతో తిరుగుతారు. నేను తీయను. ఒకసారి పక్క ఊరి కోర్టులో తీశాను. “పార్టీలు వెనక కూర్చోవాలమ్మా” అన్నాడు అటెండరు, నన్ను కేసు ఉన్న మనిషిననుకుని. నా మెడలో బ్యాండు ఉంది, అయినా. నా వెనకాల వచ్చిన జూనియర్ అబ్బాయి, నిరుడు ఎన్‌రోల్ అయినవాడు, వాడికి మాత్రం “రండి సార్”. అందుకే గుంటూరు ఎండలోనూ కోటు నా ఒంటి మీదే ఉంటుంది. ఇదంతా చెప్పకుండా, “తీయనండీ” అన్నాను అంతే. ఆయన మందం గుడ్డ పక్కన పెట్టి పల్చటిది తీశారు. లైనింగు భుజాల వరకే వేశారు, వీపంతా వదిలేశారు. వేసవిలో తేడా బాగా తెలుస్తుంది. చెమట పడుతుంది, కానీ ఉడికిపోము.

జేబులు ఐదు. లోపలి జేబులో ఫోను నిలువుగా పడుతుంది, పైన గుండీ కూడా ఉంది. చంక దగ్గర కొంచెం వదులుగా కుట్టారు, చెయ్యెత్తి రికార్డు అందుకుంటే కోటు మొత్తం పైకి లేవదు. కొలతలు తీసింది మాస్టరు గారి కోడలు. చీర కట్టుకుని ఒకసారి, చుడీదార్‌తో ఒకసారి రమ్మంది. రెండుసార్లు తిప్పిందని విసుక్కున్నాను గానీ, కుచ్చిళ్ల మీద కోటు ఎత్తుగా నిలబడకపోవడానికి కారణం అదే.

నాకు అన్నిటికంటే నచ్చింది చాలా చిన్న విషయం. మెడ వెనక, కోటు తగిలించుకునే లూప్. ఎవరికైనా ఇదో సంగతా అనిపిస్తుంది. నేను వెళ్లే కోర్టుల్లో కొన్నిచోట్ల ఆడవాళ్ల టాయిలెట్ ఉన్నా తలుపుకు కొక్కెం ఉండదు, మేకు ఉంటుంది. పాత కోటు లూప్ రెండుసార్లు తెగింది. తర్వాత కోటు మెడకు చుట్టుకుని, కొంగు పళ్లతో పట్టుకుని... వద్దులెండి. దేశంలో సుమారు 6,000 ట్రయల్ కోర్టుల్లో 22 శాతం చోట్ల ఆడవాళ్లకు విడిగా టాయిలెట్టే లేదని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు చెప్పారు. మగవాళ్లకు, ఆడవాళ్లకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు అన్ని కోర్టుల్లో టాయిలెట్లు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పిచ్చింది. కొక్కేల గురించి తీర్పు రావాలంటే ఇంకెన్నాళ్లో. ఈ లూప్ మాత్రం కోటు గుడ్డతోనే రెండు పొరలుగా కుట్టింది, ఇంకా గట్టిగా ఉంది.

కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో గుండీలు పెట్టడం ఆగిపోయింది. తీసుకెళ్తే మాస్టరు గారు పక్క కుట్లు విప్పి చూపించారు. రెండువైపులా లోపల గుడ్డ వదిలిపెట్టి కుట్టారట. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అరగంటలో వదులు చేసి నూట యాభై తీసుకున్నారు. ఎనిమిదో నెల దాకా అదే కోటుతో వాదించాను. ప్లీడరుకు ప్రసూతి సెలవులో జీతమిచ్చే యజమాని ఎవరూ ఉండరు. నాలుగు నెలలు ఇంట్లో ఉంటే నా ఫైళ్లలో కొన్ని వేరే ఆఫీసులకు వెళ్లిపోయాయి. ఆ సంగతికి కోటుతో సంబంధం లేదు గానీ, తిరిగి వెళ్లిన రోజు కొత్త కోటు ఖర్చు తప్పింది.

ఆ రోజే ఆయన కొలతల పుస్తకం చూశాను. ‘ప్లీడర్లు’ అని ముందు పేజీలు, ‘లేడీస్’ అని చివర పేజీలు. నా కొలతలు చివర్లో, ఎవరిదో జాకెట్టు పక్కన ఉన్నాయి. “నేను ప్లీడర్లలోకి రానా మాస్టారూ?” అంటే నవ్వారు. “మా నాన్న నలభై ఏళ్లు కుట్టాడమ్మా, ఆయన పుస్తకంలో ఆ చివరి పేజీలే లేవు” అన్నారు. 1978లో అమరేశ్వరి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి మహిళా జడ్జి అయ్యారు, ఆ నలభై ఏళ్లలోనే అయి ఉంటుంది. పుస్తకం ఇంకా అలాగే ఉందనుకుంటా.

లోపాలు లేకపోలేదు. మెట్లు ఇరుకు, రెయిలింగు లేదు. పోలియో వల్ల కాలిపర్ వేసుకునే నా స్నేహితురాలు ఎక్కలేకపోయింది. ఫోన్ చేస్తే కోడలే ఆటోలో వచ్చి కొలతలు తీసుకెళ్లింది గానీ, ఆ సౌకర్యం ఉందని ఎక్కడా రాసి లేదు, అడిగితేనే తెలుస్తుంది. ట్రయల్ రూమ్ అంటే ఒక కర్టెన్. పది రోజులని చెప్పి పందొమ్మిది రోజులు చేశారు.

గౌను ఫరవాలేదు. నేలపాడు హైకోర్టుకు వెళ్లేవాళ్లకు తప్పదు కాబట్టి చెప్తున్నా, భుజం మీద జారకుండా ప్రెస్ బటన్ అడిగి వేయించుకోండి. వాళ్లంతట వాళ్లు వేయరు. బ్యాండ్లు మాత్రం ఇక్కడ కొనొద్దు. చొక్కా కాలర్ కింద పెట్టుకునేలా చేసినవి, జాకెట్టు మీద ఉత్త మెడకు కట్టుకుంటే వెనక వెల్క్రో జడను, గొలుసును పట్టుకుంటుంది. నేను రిబ్బను కుట్టించుకున్నాను.

కోటు గుడ్డతో కలిపి 3,400, గౌను 950 అయింది. బేరం ఆడితే ఓ వంద తగ్గిస్తారు. మే సెలవుల్లో ఇవ్వండి. జూన్‌లో కోర్టులు తెరిచాక వెళ్తే కొత్తగా ఎన్‌రోల్ అయ్యే పిల్లలతో మెట్ల మీదే లైను ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత కోడలు ఉండదు, మాస్టరు గారు ఆడవాళ్ల కొలతలు తీయరు.