జీమాక్స్ ఆప్టిక్‌స్టూడియోలో సోర్స్ డయోడ్: బాగుంది, కానీ కోణాల దగ్గర జాగ్రత్త

జీమాక్స్ ఆప్టిక్‌స్టూడియో అనే ఆప్టికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లేజర్ డయోడ్‌ను నాన్-సీక్వెన్షియల్ మోడ్‌లో (కిరణాలు వస్తువులను ఏ వరుసలోనైనా తాకగల మోడ్) పెట్టాలంటే సోర్స్ గాసియన్ అనే కాంతి మూలం జోలికి వెళ్లకండి. అందులో రెండు అక్షాలకీ కలిపి ఒకటే బీమ్ సైజు. ఈ పనికి సరైనది సోర్స్ డయోడే: ఎక్స్, వై డైవర్జెన్స్‌లు (బీమ్ విచ్చుకునే కోణాలు) విడివిడిగా, ఆస్టిగ్మాటిజమ్‌కు (రెండు అక్షాల కిరణాలు మొదలైనట్టు కనిపించే చోట్ల మధ్య దూరం) ప్రత్యేక గడి.

చిక్కంతా కోణాల దగ్గరే. డేటాషీట్‌లో సాధారణంగా ఉండేది సగం తీవ్రత దగ్గర కొలిచిన పూర్తి కోణం. సాఫ్ట్‌వేర్ అడిగేది తీవ్రత 13.5 శాతానికి పడిపోయే చోటి అర్ధకోణం. కాబట్టి డేటాషీట్ అంకెను 0.849తో గుణించాలి: 30, 8 డిగ్రీలుంటే 25.5, 6.8 అవుతాయి. చాలామంది సగం చేసి 15, 4 వేసేస్తారు. బీమ్ నలభై శాతం పైగా సన్నబడిపోతుంది, లెన్స్ అంచుల్లో పోయే వెలుగు లెక్కకే రాదు. సూపర్‌గాస్ (తీవ్రత ఎలా తగ్గాలో చెప్పే గడి) ఎక్స్, వై రెండింటికీ 1 ఉంచండి.

ఆస్టిగ్మాటిజమ్ లెన్స్ యూనిట్లలో (ఫైల్‌కు ఎంచుకున్న పొడవు కొలమానం) ఇవ్వాలి. మిల్లీమీటర్లయితే 10 మైక్రాన్లకు 0.01. గడిలో 10 అని కొట్టినా సాఫ్ట్‌వేర్ కిమ్మనదు! గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది ఒక ఫోకసింగ్ లెన్స్ పెట్టి, డిటెక్టర్‌ను (వెలుగును నమోదు చేసే తెర) ముందుకూ వెనక్కూ జరిపి, ఏ అక్షం ముందు సన్నబడుతుందో చూసి తేల్చుకోవడం మేలు. పది లక్షల కిరణాలైనా వేయకపోతే డిటెక్టర్ మీద చుక్కలే కనిపిస్తాయి.

ఇవి ఉత్త కిరణాలే, డిఫ్రాక్షన్ (కాంతి తరంగంలా వంగి విస్తరించడం) ఉండదు. ఫోకస్ దగ్గర నడుము (బీమ్ అతి సన్నగా ఉండే చోటు) సైజు కావాలంటే సీక్వెన్షియల్ మోడ్‌లోని, కాంతిని తరంగంగా లెక్కించే ఫిజికల్ ఆప్టిక్స్ ప్రొపగేషన్‌కు మారాల్సిందే.