గాజులా, టేపా, మిషనా: చేతివాపును ముందే పట్టడానికి ఏది మేలు?

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండలో మా చిన్నమ్మ "కుడి చెయ్యి బరువుగా ఉందే" అంటే పొద్దంతా పూలు పేర్చిన అలసట అనుకున్నాం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి, చంకలో గ్రంథులు కూడా తీసేసి అప్పటికి ఎనిమిది నెలలు. దీపావళికల్లా జాకెట్ చెయ్యి ఎక్కలేదు. పక్కింటావిడ "బోదకాలు చేతికొచ్చిందేమో" అంది. ఇది దోమతో వచ్చేది కాదు, చంకలో దారి తెగి లింఫ్ నీరు చేతిలో నిలిచిపోవడం, లింఫెడిమా. చంక గ్రంథులన్నీ తీస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది, సెంటినెల్ గ్రంథి (క్యాన్సర్ పాకితే మొదట చేరే గ్రంథి) వరకే తీస్తే నూటికి ఐదారుగురికి.

గాజు, ఉంగరం బిగుసుకోవడం కూడా గుర్తే, కానీ వాపు మోచేతి పైన మొదలైతే గాజుకేం తెలుస్తుంది? బరువు, లాగినట్టు ఉండడం మాత్రం వాపు కనబడకముందే రావచ్చు, ఆ మాట అస్సలు కొట్టిపారేయకండి.

మిషన్ అంటే బయోఇంపిడెన్స్. సన్నటి కరెంటు పంపి చేతిలో నీరెంతుందో చెప్తుంది, నొప్పి ఉండదు. తేడా కనబడగానే నాలుగు వారాలు రోజుకు 12 గంటలు బిగుతు తొడుగు వేయించిన ప్రివెంట్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి: మిషన్‌తో పట్టినవాళ్లలో తర్వాత ముదిరింది 7.9 శాతం మందికి, టేపుతో పట్టినవాళ్లలో 19.2 శాతం మందికి. అంటే పట్టడంలో మిషనే మేలు, అందులో వాదన లేదు. కానీ దానికోసం ప్రతి మూడు నెలలకూ కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోవాలంటే ఎంతమంది పోతారు?

అందుకే నా ఓటు టేపుకే, అదీ సరిగ్గా కొలిస్తేనే. టైలర్ టేపు చాలు. మణికట్టు నుంచి పైకి 10 సెంటీమీటర్లకోసారి పెన్నుతో గీత పెట్టి, టేపును లాగకుండా ఆనించి, రెండు చేతులూ కొలవాలి, ప్రతిసారీ అదే మనిషి, అదే వేళకు. ఎక్కడైనా తేడా 2 సెంటీమీటర్లు దాటితే డాక్టర్‌కు చూపించాలి. కుడిచేతి వాటం వాళ్లకు కుడి చెయ్యి మామూలుగానే కాస్త లావు, కాబట్టి ఆపరేషన్‌కు ముందు కొలత లేకపోతే ఏది వాపో ఏది వాటమో తేలదు. మాకు ఆపరేషన్ చేసిన చోట ఆ కొలత ఎవరూ తీసుకోలేదు, ఆ బాధ నాకింకా పోలేదు. మీ ఇంట్లో ఆపరేషన్ తేదీ ఇంకా రాకపోతే ఈ రాత్రే కొలిచి ఫైల్‌లో రాసిపెట్టండి.

చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం టేపు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి.