మ్యాక్‌బుక్ ఎయిర్, లినక్స్ థింక్‌ప్యాడ్: ప్రోగ్రామర్‌కు ఏది మేలు?

2020 నవంబరులో ఎం1 చిప్‌తో వచ్చిన నాటి నుండి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. రోజంతా చప్పుడు లేకుండా, ఛార్జర్ జోలికి పోకుండా కోడ్ రాసుకోవడంలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న లెనోవో ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ దానికి సాటిరాదని ఒప్పుకోవాలి.

అయితే సర్వర్ ప్రోగ్రామింగ్ చేసేవారికి అసలు తేడా డాకర్ దగ్గర తెలుస్తుంది. ప్రోగ్రామును, దానికి కావలసినవన్నీ కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో పెట్టి నడిపే సాధనమది. కంటైనర్లు లినక్స్ కెర్నల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) నేమ్‌స్పేస్‌లు, సీగ్రూపుల మీద, అంటే ప్రోగ్రాములను వేరుచేసి వాటి వనరులకు హద్దు పెట్టే సదుపాయాల మీద ఆధారపడతాయి కనుక లినక్స్ ఉన్న థింక్‌ప్యాడ్‌లో అవి నేరుగా నడుస్తాయి. మ్యాక్‌లో మాత్రం వాటికోసం లోపల ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటిది) నడవవలసి ఉండడంతో మెమరీలో కొంత భాగం దానికే పోతుంది, ఫైళ్లు పంచుకునే చోట వేగమూ తగ్గుతుంది.

ఆ మెమరీ చిన్న విషయం కాదు. ఎయిర్‌లో కొన్ననాడు ఎంత ర్యామ్ ఉంటే చివరిదాకా అంతే. థింక్‌ప్యాడ్ టీ శ్రేణిలో చాలా మోడళ్లకు ర్యామ్ స్లాట్ ఉంటుంది కాబట్టి 16 జీబీతో మొదలుపెట్టి, జీతం పెరిగాక 32కు పెంచుకోవచ్చు. (థింక్‌ప్యాడ్‌లలోనే ఎక్స్1 కార్బన్ మోడల్‌లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కనుక కొనేముందు మోడల్ వివరాలు చూసుకోవడం తప్పనిసరి.)

ఐఫోన్ యాప్‌లు రాసేవారికి ఎంపికే లేదు, ఆ యాప్‌లు తయారుచేసే యాపిల్ సాధనం ఎక్స్‌కోడ్ మ్యాక్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ మీదనే నడుస్తుంది. బ్యాకెండ్ (సర్వర్ వైపు ప్రోగ్రామింగ్) నేర్చుకుంటూ తొలి ఉద్యోగం వెతుక్కుంటున్న విద్యార్థికి మాత్రం నేను థింక్‌ప్యాడ్‌నే సిఫారసు చేస్తాను: రేపు సర్వర్లలో ఎదురయ్యే సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి నడిపించేది), ఫైళ్ల పర్మిషన్లు, లాగ్‌లు (జరిగినవాటి నమోదులు) సొంత యంత్రంలోనే రోజూ చేతికి అలవాటవుతాయి.