అమెరికా పాత పేటెంట్ల భాండాగారం: ఏళ్ల తరబడి వాడాక

అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయం ఉచితంగా తెరిచిపెట్టిన పాత పేటెంట్లు నిజంగా నిధే. కానీ 1976కు ముందరి వాటిలో ఒక మాట కొట్టి, ఏమీ రాలేదని అలాంటి పేటెంటే లేదనుకుంటే మోసపోతాం. 1976 నుంచి వచ్చినవాటికి అసలు పాఠమే ఉంది. అంతకు ముందువి పేజీల ఫొటోలు. వాటిని యంత్రం చదివి రాసుకున్న అక్షరాల్లోనే మన వెతుకులాట సాగుతుంది. ఆ కార్యాలయపు వెతుకులాట సైటు పేటెంట్ పబ్లిక్ సెర్చ్‌లో వీటికి యూఎస్‌ఓసీఆర్ అని విడి విభాగం ఉంది. ముందు అక్కడ టిక్కు ఉందో లేదో చూసుకోవాలి.

పాత పేజీల్లో రెండు నిలువు వరుసలు, లైను చివర విరిగిన మాటలు, వెలిసిన సిరా. యంత్రం తడబడేది ఇక్కడే. అక్షరం సరిగ్గా చదివినా మాట మనది కాకపోవచ్చు. గ్రాహం బెల్ 1876 పేటెంటు (174465) శీర్షికలో టెలిఫోన్ అన్న మాట లేదు, ఉన్నది టెలిగ్రఫీ. రైట్ సోదరుల 1906 పేటెంటు (821393) పేరు ఫ్లయింగ్ మెషిన్, ఏరోప్లేన్ కాదు. అందుకే మాటల కంటే వర్గీకరణ సంఖ్యే నమ్మకమైన దారి. కావలసిన రకం పేటెంటు ఒక్కటి నంబరుతో తెరిచి, దాని సీపీసీ (ఆవిష్కరణ రకాన్ని బట్టి పేటెంట్లను విడగొట్టే పద్ధతి) వర్గం చూసి, ఆ వర్గంలోని పాతవాటిని తేదీలవారీగా తిప్పాలి. విసుగు పుట్టించే పనే, కానీ మాటలతో ఎన్నడూ దొరకనివి ఇలా దొరుకుతాయి.

నంబరు కొట్టేటప్పుడు ఏడు స్థానాలు నింపాలి. ఎడిసన్ దీపం 223898 అయితే 0223898 అని ఇవ్వాలి. ఆ పేటెంటే తెరిచి చూడండి. ముందు బొమ్మ, తర్వాతే వివరణ. పైన ‘1880 జనవరి 27’ అని జారీ తేదీ, దరఖాస్తు తేదీ మాత్రం 1879 నవంబరు 4. ఈ రెంటినీ కలగాపులగం చేసి రాసిన వ్యాసాలు కోకొల్లలు. ఇక్కడే పనికొచ్చే చిట్కా ఒకటి: 19వ శతాబ్దం రెండో సగం నుంచి అమెరికా పేటెంట్లు మంగళవారమే జారీ అవుతున్నాయి. యంత్రం చదివిన జారీ తేదీ మంగళవారం కాకపోతే అంకె ఏదో తప్పింది, ఫొటో తెరిచి కళ్లతో చూడాల్సిందే.

1836 జులైకి ముందరి కథ వేరు. అప్పట్లో పేటెంట్లకు నంబర్లు లేవు, పేరూ తేదీయే గుర్తు. 1836 డిసెంబరు 15న జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు 10,000 పేటెంట్ల పత్రాలు కాలిపోయాయి. ఆవిష్కర్తల దగ్గరున్న ప్రతుల ఆధారంగా తిరిగి సమకూరినవి సుమారు 2,800. 1836 జులైకి ముందరి పేటెంట్లకు తర్వాత ఎక్స్ అక్షరంతో నంబర్లిచ్చారు. ఎలీ విట్నీ కనిపెట్టిన, దూది నుంచి గింజలు తీసే యంత్రం ఎక్స్72. ఒకటో నంబరు ఎవరిదని అడిగితే రెండు జవాబులూ సరైనవే: ఎక్స్1 1790లో పొటాష్ తయారీకి శామ్యూల్ హాప్కిన్స్‌ది, మామూలు 1 మాత్రం 1836లో రైలింజను చక్రాలకు జాన్ రగిల్స్‌ది. ఎక్స్ పేటెంట్లలో చాలావాటికి పేరు, తేదీ, శీర్షిక తప్ప మరేమీ మిగల్లేదు. వాటి బొమ్మ కోసం రోజుల తరబడి వెతకడం దండగ. 1790–1873 కాలానికి 1874లో అచ్చయిన మూడు సంపుటాల విషయసూచిక చాలా ఉపయోగం. వస్తువు పేరు పట్టుకుని అక్షరక్రమంలో చూస్తే నంబరు, తేదీ చేతికొస్తాయి.

ట్రేడ్‌మార్కుల వైపు ఇంత సుఖం లేదు. 1884లో నమోదై ఇంకా బతికున్న శాంసన్ తాళ్ల గుర్తు (11210) లాంటివి వెంటనే వస్తాయి. ఎప్పుడో రద్దయిపోయిన గుర్తులకు ఆన్‌లైన్ వెతుకులాట చాలదు. 1872లో మొదలైన ఆ కార్యాలయపు అధికారిక గెజిట్ స్కాన్లు తిప్పాలి. 1973 సెప్టెంబరుకు ముందరి నమోదుల్లో సరుకుల తరగతులు అమెరికా సొంతవి, ఇప్పటి అంతర్జాతీయ సంఖ్యలతో కలవవు.

ఇక హక్కు ఎవరి నుంచి ఎవరికి మారిందన్నది పేటెంట్ల విషయంలో 1980 ఆగస్టు నుంచే ఆన్‌లైన్లో ఉంది. 1957కు ముందరి బదిలీ రిజిస్టర్లు మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, తేదీ చేతిలో పెట్టుకుని అడగాలి, నంబరొక్కటే ఉంటే పని నత్తనడకే.