మన సాఫ్ట్‌వేర్‌తో పైథాన్ మనమే కలిపి ఇవ్వాలా, సిస్టమ్‌లో ఉన్నదే వాడాలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. అది ఆ కంప్యూటర్‌లో ఉన్న పైథాన్‌తోనే నడిచేది. మంచి సీజన్‌లో ఫోన్: "బాబూ, టిక్కీల (మిర్చి బస్తాల) తూకం పట్టీ ప్రింట్ అవట్లేదు, రైతులు నిలబడి ఉన్నారు." వెళ్లి చూస్తే, వేరే పని కోసం ఎవరో పైథాన్ 3.12 వేశారు. నా కోడ్ వాడుకున్న డిస్ట్‌యుటిల్స్ అనే లైబ్రరీని పైథాన్ తయారుచేసేవాళ్లు ఆ వెర్షన్ నుంచి తీసేశారు. ఆ రోజు నుంచి పైథాన్ నేనే కలిపి ఇస్తున్నాను.

సైజు: విండోస్ ఎంబెడబుల్ జిప్ (సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వడానికే ఉన్న చిన్న పైథాన్) సుమారు 10 ఎంబీ, లైబ్రరీలు అదనం. సిస్టమ్‌దైతే ఆ బరువు లేదు.

నమ్మకం: కలిపిస్తే మనం పరీక్షించిన వెర్షనే నడుస్తుంది. సిస్టమ్‌ది ఉంటుందన్న హామీ లేదు. విండోస్‌తో పైథాన్ రాదు; మ్యాక్‌ఓఎస్ 12.3లో, 2022లో, ఉన్న 2.7నీ తీసేశారు. 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ బ్లెండర్ కూడా తన పైథాన్ తనే తెచ్చుకుంటుంది.

భద్రత: ఇక్కడ సిస్టమ్‌దే పైచేయి. ఉబుంటు (ఒక రకం లినక్స్)లో ఒక్క అప్‌డేట్‌తో లోపం సరిచేసుకోవచ్చు. కలిపి ఇచ్చినప్పుడు ప్రతి కొట్టుకీ కొత్త ఇన్‌స్టాలర్ పంపాల్సింది మనమే. ఈ పని వాయిదా వేసేవాళ్లు కలిపి ఇవ్వకపోవడమే మేలు.

పాత మెషీన్లు: విండోస్ 7 మీద అధికారిక పైథాన్ 3.8 దాటి నడవదు, కలిపి ఇచ్చినా, సిస్టమ్‌దైనా.

కొట్లకీ, కోల్డ్ స్టోరేజీలకీ ఇచ్చే విండోస్ సాఫ్ట్‌వేర్‌కి కలిపే ఇవ్వండి. మీ చేతిలో ఉన్న లినక్స్ మెషీన్లకీ, డెవలపర్లు వాడే చిన్న టూల్స్‌కీ సిస్టమ్‌ది చాలు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్) పెట్టుకుంటే.