చమురు సరఫరా తెగినప్పుడు అమెరికాకు ఏది మేలు: ఎగుమతులు పెంచడమా, ఆపడమా, నిల్వలు తీయడమా?

ప్రపంచంలో ఎక్కడో యుద్ధం మొదలై చమురు సరఫరా తెగిందంటే, టెక్సాస్ తీరంలోని కార్పస్ క్రిస్టీ, హ్యూస్టన్ రేవులకు ట్యాంకర్ల రాక పెరుగుతుంది. అమెరికా క్రూడ్ (శుద్ధి చేయని ముడి చమురు) కోసం యూరప్, ఆసియా రిఫైనరీలు పోటీపడతాయి. అప్పుడే అమెరికా జనం నుంచి ఒక ప్రశ్న వస్తుంది: ఇక్కడ పెట్రోల్ ధర మండిపోతుంటే మన చమురు పైదేశాలకు ఎందుకు పంపుతున్నారు? ఇది న్యాయమైన ప్రశ్న. 2022 జూన్‌లో అమెరికాలో గ్యాలన్ పెట్రోల్ సగటు ధర 5 డాలర్లు దాటింది. రోజూ కారులో చాలా దూరం పనికి వెళ్లే మనిషి ఈ మాట అడగకుండా ఎలా ఉంటాడు?

ప్రభుత్వం ముందున్న దారులు మూడు. ఎగుమతులను స్వేచ్ఛగా సాగనివ్వడం, వాటిని ఆపేయడం, అత్యవసర నిల్వల నుంచి తీసి మార్కెట్‌లోకి వదలడం. వీటిని పోల్చేటప్పుడు చాలామంది ధర దగ్గరే ఆగిపోతారు. నేనైతే క్రూడ్ రకం దగ్గర మొదలుపెడతాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

అమెరికాలో షేల్ రాతిపొరల నుంచి వచ్చేది ఎక్కువగా లైట్ క్రూడ్. పలచగా ఉంటుంది, సల్ఫర్ తక్కువ. కానీ షేల్ విజృంభణకు చాలా ముందే గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున ఉన్న అమెరికా గల్ఫ్ తీరపు రిఫైనరీలు వెనిజులా, మెక్సికో, కెనడాల నుంచి వచ్చే చిక్కటి హెవీ క్రూడ్‌కి తగ్గట్టు వేల కోట్ల డాలర్లు పెట్టి యంత్రాలు అమర్చుకున్నాయి. అందుకే 2024లో అమెరికా రోజుకు 40 లక్షల బ్యారెళ్లకు పైగా క్రూడ్ ఎగుమతి చేస్తూనే, 60 లక్షల బ్యారెళ్లకు పైగా దిగుమతి చేసుకుంది. బయటినుంచి చూస్తే ఇది తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది కానీ, తన దగ్గర మిగిలే రకాన్ని అమ్మి తన యంత్రాలకు కావలసిన రకాన్ని కొనుక్కోవడం అది.

ఇప్పుడు ఎగుమతులు ఆపేశారనుకుందాం. ఆ లైట్ క్రూడ్ అంతా పెట్రోల్‌గా మారి బంకులకు చేరదు. ట్యాంకులు నిండుతాయి, బావుల దగ్గర ధర పడిపోతుంది, కంపెనీలు డ్రిల్లింగ్ ఆపేస్తాయి. షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. కొత్త బావులు తవ్వుతూ ఉంటేనే ఉత్పత్తి నిలబడుతుంది. కొరత తీర్చడానికి పెట్టిన నిషేధమే కొన్ని నెలల్లో కొరతను పెంచుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు, అమెరికాకు ఈ దారిలో నలభై ఏళ్ల అనుభవం ఉంది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక, కొద్ది నెలల్లోనే బ్యారెల్ ధర 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా పోయింది. ఆ దెబ్బతో 1975 డిసెంబర్‌లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టం క్రూడ్ ఎగుమతులను దాదాపుగా నిషేధించింది. 2015 డిసెంబర్‌లో ఒబామా కాలంలో గానీ అది పోలేదు. 2011 తర్వాత షేల్ చమురు పొంగినప్పుడు, పైప్‌లైన్లు చాలక, బయటికి పంపే వీల్లేక, ఓక్లహోమాలోని కుషింగ్ దగ్గర అమెరికా క్రూడ్ కొన్నాళ్లు ప్రపంచ మార్కెట్ కొలబద్ద అయిన బ్రెంట్ ధర కన్నా 20 డాలర్లకు పైగా చౌకగా దొరికింది. పెట్రోల్ మాత్రం చౌక కాలేదు. పెట్రోల్, డీజిల్ ఎగుమతులపై నిషేధం లేదు కాబట్టి వాటి ధర ప్రపంచ ధరతోనే నడిచింది. మధ్యలో మిగిలిన లాభం రిఫైనరీలకు పోయింది. నిషేధం సామాన్యుడిని కాపాడుతుందని ఎవరైనా అంటే నాకు బాధ కలిగేది ఇందుకే.

పోనీ పెట్రోల్, డీజిల్ ఎగుమతులు కూడా ఆపితే? అమెరికా పెట్రోల్‌ని అందరికన్నా ఎక్కువగా కొనేది పక్కనున్న మెక్సికో. ముందు దెబ్బ తగిలేది వాళ్లకి.

ఎగుమతులు సాగనివ్వడంలోని మేలు 2022లో కనిపించింది. ఆ డిసెంబర్ 5 నుంచి యూరోపియన్ యూనియన్ సముద్రం మీదుగా వచ్చే రష్యా క్రూడ్‌ని ఆపేసింది. ఆ ఖాళీని పూడ్చడంలో టెక్సాస్ చమురు పెద్ద పాత్ర పోషించింది. 2023 నుంచి టెక్సాస్‌లో తీసే డబ్ల్యూటీఐ మిడ్‌లాండ్ క్రూడ్‌ని బ్రెంట్ ధర లెక్కలో కూడా చేర్చారు. అంటే ప్రపంచం కొలబద్దగా వాడే ధరే ఇప్పుడు పాక్షికంగా అమెరికా బ్యారెళ్ల మీద నిలబడి ఉంది. వాటిని హఠాత్తుగా లాగేస్తే ఆ ధర ఎగిసిపడుతుంది, అది తిరిగి అమెరికా బంకులకే చేరుతుంది.

అయితే ఎగుమతులతో అంతా సర్దుకుంటుందనీ నేను అనను. 2024లో పర్షియన్ గల్ఫ్ దేశాల చమురు బయటికొచ్చే హోర్ముజ్ జలసంధి గుండా రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, చమురు ఉత్పత్తులు వెళ్లాయి. అమెరికా పంపే క్రూడ్ అందులో నాలుగో వంతు కూడా లేదు. పైగా 20 లక్షల బ్యారెళ్లు పట్టే పెద్ద ట్యాంకర్‌ని రేవు దగ్గరే పూర్తిగా నింపే లోతు అమెరికా తీరంలో చాలాచోట్ల లేదు. చిన్న ఓడల్లో నింపి నడిసముద్రంలో పెద్ద ఓడలోకి మార్చాలి. అది ఆఫ్రికా చుట్టూ తిరిగి ఆసియా చేరేసరికి నెల దాటిపోతుంది.

ఆ నెల గడిపేది ఎలా? ఇక్కడే అత్యవసర నిల్వ అక్కరకొస్తుంది. టెక్సాస్, లూసియానాల్లో భూమి కింద ఉప్పు గుహల్లో 71 కోట్ల బ్యారెళ్లు దాచుకునే చోటు ఉంది. అధ్యక్షుడు ఆదేశిస్తే 13 రోజుల్లో ఆ చమురు మార్కెట్‌కి చేరడం మొదలవుతుంది. అందులో సగానికి పైగా సల్ఫర్ ఎక్కువున్న రకం, గల్ఫ్ తీరపు రిఫైనరీలు వాడగలిగిన రకం. ఎగుమతులు ఆపడం వల్ల రాని మేలు దీనివల్ల వస్తుంది. 2022లో బైడెన్ ప్రభుత్వం 18 కోట్ల బ్యారెళ్లు వదిలింది. మిత్రదేశాలు వదిలిన దానితో కలిపి గ్యాలన్‌కి 17 నుంచి 42 సెంట్లు తగ్గి ఉంటుందని అమెరికా ఖజానా శాఖ అంచనా వేసింది. తక్కువేమీ కాదు. కానీ 2023 మధ్యకు నిల్వ 35 కోట్ల బ్యారెళ్లకు పడిపోయింది, అప్పటికి నలభై ఏళ్లలో అదే కనిష్ఠం. చమురు పైకి తీయడానికి గుహలోకి మంచినీళ్లు పంపుతారు, ఆ నీళ్లకు ప్రతిసారీ కొంత ఉప్పు కరుగుతుంది. అందుకని ఎన్నిసార్లంటే అన్నిసార్లు తీయడానికీ లేదు.

నా మటుకు నాకు నిషేధం చివరి స్థానంలో ఉంటుంది. ఎగుమతులు సాగుతుండాలి, మొదటి నెలల దెబ్బను నిల్వ కాయాలి. ఈ రెండూ కలిసి పనిచేయాలంటే చమురు చౌకగా ఉన్నప్పుడే గుహలు నింపుకోవాలి, లేకపోతే ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టే. 2020 మార్చిలో ధరలు కుప్పకూలినప్పుడు 7.7 కోట్ల బ్యారెళ్లు కొందామని ట్రంప్ ప్రభుత్వం 300 కోట్ల డాలర్లు అడిగింది. కాంగ్రెస్ ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత అదే నిల్వలోంచి తీసిన చమురు బ్యారెల్ సగటున 95 డాలర్ల దగ్గర అమ్ముడుపోయింది.